గాంధీజీ ఉత్తరం అమ్మిపెట్టే పెన్ను

రాజమహేంద్రవరంలో తయారయ్యే రత్నం ఫౌంటెన్ పెన్నును రెండు నెలలుగా ప్రతిరోజూ వాడుతున్నాను. నల్లటి ఎబొనైటు (గట్టిపరచిన రబ్బరు) కడ్డీని లేతు యంత్రంపై తిప్పి చేసిన సాదా పెన్ను ఇది; గొట్టం మీద నా పేరు చెక్కించుకున్నాను. ఇది ఎలా రాస్తుందో చెబితే సమీక్షలో సగమే పూర్తవుతుంది, ఎందుకంటే దీన్ని కొనేవారిలో చాలామంది లాగానే నేనూ ముందు కథకు డబ్బు చెల్లించి, ఆ తరువాతే పెన్నును చేతిలోకి తీసుకున్నాను.

గోదావరి జిల్లాల్లో ఆ కథ వినని వారు తక్కువ. కంసాలి పని తెలిసిన కోసూరి వెంకటరత్నం 1921లో గాంధీజీని కలిసినప్పుడు, సామాన్యులకు ఉపయోగపడే వస్తువు ఏదైనా ఇక్కడే తయారుచేయమని ఆయన సూచించారని చెబుతారు. 1932లో పెన్నుల తయారీ మొదలైంది. తొలుత పంపిన పెన్నులో విదేశీ విడిభాగాలు ఉన్నాయని గాంధీజీ అంగీకరించలేదని, పాళీతో సహా అన్నీ స్వయంగా చేసి పంపిన తరువాతనే స్వీకరించారని అంటారు. చెప్పేవారిని బట్టి ఈ వివరాలు కొద్దిగా మారుతుంటాయి గాని, 1935 జులై 16 తేదీ గల ఉత్తరం మాత్రం మారదు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన కుమారప్ప ద్వారా అందిన పెన్నుకు కృతజ్ఞతలు తెలుపుతూ, దాన్ని వాడి చూశానని, బజారులో కనిపించే విదేశీ పెన్నులకు బదులుగా అది బాగానే పనికివచ్చేలా ఉందని గాంధీజీ అందులో రాశారు.

ప్రకటనల రాతపనితో బతికే నాకు ఆ వాక్యం ఎన్నిసార్లు చదివినా ఈర్ష్య కలుగుతుంది. అందులో అద్భుతమన్న మాట లేదు, పొగడ్త లేదు. వాడి చూసిన మనిషి తూచి చెప్పిన మాట ఉంది. అదే వాక్యం ఈ రోజుల్లో మా కార్యాలయానికి వచ్చి ఉంటే, ‘పనికివచ్చేలా ఉంది’ అన్న చోట కాస్త అనుమానం ధ్వనిస్తోందని కొట్టివేసి, రెండు విశేషణాలు చేర్చి, దాని ప్రాణం తీసి గాని అచ్చుకు పంపేవాళ్లం కాదు. పోయిన వేసవిలో నేను కొన్న ఒక ఆవకాయ సీసా మీద ఎవరో అమ్మమ్మ కథ అరపేజీ అచ్చయి ఉంది; ఆమెకు పేరు లేదు, ఊరు లేదు, మూత తీస్తే ఆవపిండి చేదెక్కి ఉంది. రత్నం కథలో మనిషి పేరు, తేదీ, చేతితో పట్టుకుని చూడదగిన వస్తువు మూడూ ఉన్నాయి కనుకనే తొంభై ఏళ్లుగా నిలబడింది.

ఆ ఉత్తరం విలువ ఎంతో తెలియాలంటే అదే ఊరిలో 1946 నుంచి తయారవుతున్న గైడర్ పెన్నును పక్కన పెట్టి చూడాలి. ఎబొనైటు అదే, లేతు పనీ అదే. మిత్రుని గైడర్‌తో, నా రత్నంతో ఒకే కాగితం మీద రాసి చూశాను. ఇది మేలు, అది తీసికట్టు అని నేను చెప్పలేను. అయినా మా ఇంటికి వచ్చే బంధువులు అడిగేది రత్నం పేరే. అన్నట్టు, ఆ కుటుంబం నుంచే రత్నంసన్ అనే మరో సంస్థ కూడా ఉంది, గాంధీజీ కథ అక్కడా వినిపిస్తుంది; కనుక కొనేవారు బోర్డు ఒకసారి చదువుకుని లోపలికి వెళ్లడం మంచిది.

ఇక పెన్ను విషయానికి వస్తే, రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిస్తే వచ్చే పదార్థమే ఎబొనైటు. లోహంలా చల్లగా తగలదు, చెమట పట్టిన వేళ్ల మధ్య జారదు, గంటసేపు రాసినా బరువనిపించదు. గొట్టం విప్పి, ఫిల్లరుతో సిరాను నేరుగా అందులోనే పోయాలి. ఒకసారి నింపితే నాకు పది రోజులు వస్తోంది. ఈ రకం పెన్నులన్నింటికీ ఉన్న స్వభావం ఒకటి ముందే తెలుసుకోవాలి. సిరా అడుగంటే కొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను నెట్టడం వల్ల కాగితంపై చుక్క రాలే అవకాశం ఉంటుంది. పావు వంతు మిగిలి ఉండగానే మళ్లీ నింపుకుంటే ఆ బాధ ఉండదు. ఎండలో వదిలేస్తే ఎబొనైటు నలుపు క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది. సిరా రంగు మార్చేటప్పుడు పాళీని, దాని కింద ఉండి సిరాను అందించే నాలుకను మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ఈ పెన్ను గురించి నేను చదివిన వ్యాసాలన్నీ ఉత్తరం దగ్గరే ఆగిపోయాయి. ఈ సంగతులు నాకు వాడిన తరువాతే తెలిశాయి.

రోజుకు ఒక పుటైనా చేతితో రాసే అలవాటు ఉన్నవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. నెలకు రెండు సంతకాలు పెట్టేవారికి మాత్రం సిరా పాళీలోనే ఎండిపోయి విసుగు కలుగుతుంది. ఎవరికైనా బహుమతిగా ఇవ్వదలిస్తే, గాంధీజీ కథతో పాటు ఒక సిరా సీసా, ఒక ఫిల్లరు కూడా జతచేసి ఇవ్వండి.