నిశ్చితార్థపు ముత్యం ఉంగరం: నాలుగేళ్లు వేలికి ఉన్నాక

2021 డిసెంబరులో తాంబూలాలు మార్చుకున్న రోజు మావారు నా వేలికి తొడిగిన ఉంగరం ఇది. నాలుగు గ్రాముల 22 క్యారెట్ల బంగారం, పైన ఎనిమిది మిల్లీమీటర్ల మంచినీటి ముత్యం ఒక్కటే. మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిపి 24 వేలు దాటింది. ముత్యాన్ని రోజూ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చాక నేను ఉప్పల్‌లో ఎక్కేదాన్ని, ఆయన తార్నాకలో. ఒకరోజు నా క్యారియర్‌లోంచి పప్పుచారు కారి ఆయన బ్యాగు తడిసింది. నేను కంగారుపడుతుంటే, "బ్యాగుదేముందండీ, మీ చెయ్యి కాలిందేమో చూసుకోండి" అన్నారు. అప్పటి నుంచి రోజూ 8:40 బండి, అదే డోరు. 2020 మార్చిలో మెట్రో ఆగిపోయింది, సెప్టెంబరు దాకా నడవలేదు. ఆ నెలలన్నీ పొద్దున సరిగ్గా 8:40కి "ఎక్కావా?" అని మెసేజ్ వచ్చేది. "ఎక్కాను, సీటు దొరికింది" అని వంటింట్లోంచి జవాబిచ్చేదాన్ని. రైళ్లు మళ్లీ మొదలైన వారంలోనే, మాస్కు కిందికి లాగి, "ఇంట్లో చెప్పనా?" అని అడిగారు. చెప్పమన్నాను. మా నాన్న ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఉంగరానికి ఇద్దరం చార్మినార్ దగ్గరి ముత్యాల బజారు పత్తర్‌గట్టికి వెళ్లాం. షాపాయన రెండు ముత్యాలు ఒకదానికొకటి రాసి, రాలిన సన్నటి పొడి చూపించి, వేలితో తుడిచారు. గీత కూడా పడలేదు. అసలు ముత్యానికి అదే గుర్తట. హాల్‌మార్క్ పక్కన హెచ్‌యూఐడీ అని అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే నగ గుర్తింపు కోడ్ ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి తప్పకుండా చూసుకోండి. "ముత్యం చంద్రుడిది కదా, పిల్ల జాతకానికి పడుతుందో లేదో" అని అత్తమ్మ టెన్షన్ పడ్డారు. పంతులుగారు పర్లేదన్నాకే కుదుటపడ్డారు.

ఇక వాడకం. బంగారం మీద సన్నటి గీతలు తప్ప ఏమీ కాలేదు. ముత్యం అలా కాదు, అది చాలా మెత్తనిది. మొదటి రెండు నెలలు గంటకోసారి శానిటైజర్ రాసుకునేదాన్ని, ఉంగరం తీయాలని తెలియక. ఒక పక్క మెరుపు తగ్గి మసకబారింది, అది మళ్లీ రాలేదు. సెంటు, నిమ్మరసం, చింతపండు పులుసు కూడా దానికి పడవు. ఇప్పుడు వంటకు ముందు తీసేస్తాను, రాత్రి మెత్తటి నూలుగుడ్డతో తుడిచి పెడతాను.

ఏడాదిన్నరకు అంట్లు తోముతుంటే ముత్యం ఊడిపోయింది. సింకు జాలీలో కనిపించేసరికి ఏడుపొచ్చేసింది. ఉంగరంలో ముత్యానికి సగం దాకానే రంధ్రం చేసి, చిన్న బంగారు పుల్ల మీద జిగురుతో నిలబెడతారు. వేడినీళ్లు, సబ్బు తగిలీ తగిలీ ఆ జిగురు వదులవుతుందని అప్పుడే తెలిసింది. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

పాప కడుపులో ఉండగా ఏడో నెలలో వేళ్లు ఉబ్బి ఉంగరం వేలికి ఎక్కడం మానేసింది. పెద్దది చేయించాలంటే వేడి తగలకుండా ముత్యం ఊడదీయాలన్నారు. నాకు మనసొప్పక గొలుసుకు గుచ్చి మెడలో వేసుకున్నాను.

రోజంతా చేతులు నీళ్లలో ఉండేవాళ్లు దీన్ని తీసుకోవద్దు, వాళ్లకు సాదా బంగారుదే మేలు. తీసి పెట్టుకునే ఓపికుంటే మాత్రం ముత్యం తీసుకోండి. ఎండలో ఆ మెరుపు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఆ ఊడిన ముత్యాన్ని అతికించిన పెద్దాయన కొత్తది వేయమంటావా అమ్మా అని అడిగారు. మావారు నా వైపు చూశారు. ఇదే కావాలన్నాను. ఆ పెద్దాయన మసక పక్కను చిటికెన వేలి వైపుకు తిప్పి అతికించి ఇచ్చారు.