తుపాకీ షోలా, షూటింగ్ ఫైనళ్లా: టీవీలో ఏది చూస్తే మేలు?

అమెరికా కేబుల్ టీవీలో తుపాకీ షోల జోరు నాలుగేళ్లే. హిస్టరీ చానల్లో గురి పోటీల షో 'టాప్ షాట్' 2010లో మొదలై, ఐదు సీజన్లు నడిచి 2013లో ఆగిపోయింది. డిస్కవరీలో 2011లో మొదలైన 'అమెరికన్ గన్స్' మరుసటి ఏడాదే ముగిసింది. 2012 డిసెంబరులో అమెరికాలోని శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిగాక, దాన్ని ఇక కొనసాగించడం లేదని చానల్ చెప్పేసింది. లూసియానాలోని ఒక తుపాకుల వర్క్‌షాప్ చుట్టూ తిరిగిన 'సన్స్ ఆఫ్ గన్స్' 2014లో రద్దయింది. పెద్ద చానళ్లు పక్కకు తప్పుకున్నాక మిగిలినవి అవుట్‌డోర్ చానల్ లాంటి ప్రత్యేక చానళ్లు, యూట్యూబ్, అంతర్జాతీయ పోటీల లైవ్ ఫైనళ్లు.

కాలక్షేపానికైతే టాప్ షాట్ పాత సీజన్లు ఇప్పటికీ బాగానే ఉంటాయి. గురి ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలుసుకోవాలంటే మాత్రం లైవ్ ఫైనళ్లకు మించింది లేదు. ఎందుకో చూద్దాం.

టాప్ షాట్‌లో ఎరుపు, నీలం జట్లు, చివర్లో లక్ష డాలర్ల బహుమతి. పాత సైనిక రైఫిల్ నుంచి విల్లంబుల దాకా ఏది చేతికిస్తే దాంతో కొట్టాలి. ఈ షో చేసిన మంచి పని హై స్పీడ్ కెమెరా. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. 9 ఎం.ఎం. తూటా సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. అంటే ఒక ఫ్రేమ్ మారేలోపు 14 మీటర్లు దాటేస్తుంది. మామూలు కెమెరాకు అది చిక్కదు. సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరా పెడితేనే తూటా కనిపిస్తుంది, రీకాయిల్‌కి, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకి, మణికట్టు ఎలా లేస్తుందో తెలుస్తుంది.

చెడగొట్టేది ఎడిటింగ్. పేల్చిన మరుక్షణం షాట్ టార్గెట్ మీదకు మారిపోతుంది. షూటర్ పనితనం తెలిసేది ఆ తర్వాతి ఒకటి రెండు సెకన్లలోనే: చెయ్యి కదలకుండా ఉందా, కన్ను సైట్ (గురి చూసే భాగం) మీదే ఉందా, వేలు ట్రిగ్గర్ మీద నుంచి వెంటనే లేచిపోయిందా. దీన్నే ఫాలో త్రూ అంటారు. టీవీ దాన్ని కత్తిరించి సీసా పగిలే దృశ్యం చూపిస్తుంది. సీసా పగిలిందంటే తూటా తగిలిందని మాత్రమే తెలుస్తుంది. మధ్యలో తగిలిందో, అంచు గీసుకుపోయిందో తెలియదు. పేలే టార్గెట్లయితే మరీనూ, చూడ్డానికి పొగ తప్ప ఏమీ మిగలదు.

వర్క్‌షాప్ షోలు పైన పటారం, లోన లొటారం. గడువు ముంచుకొస్తోందని హడావుడి, తండ్రీకూతుళ్ల వాదనలు, చివర్లో ఏదో ఒకటి పేల్చడం. తుపాకీ బాగుచేసేవాడు ఎక్కువ సమయం పెట్టే పని, ఛాంబర్‌లో (తూటా పెట్టే గదిలో) తూటా కూర్చునే కొలత సరిగ్గా ఉందో లేదో గేజ్‌తో చూడటం. ఆ కొలత ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి తొడుగు చీలి, వేడి గ్యాస్ వెనక్కి తన్నుతుంది. అంత ముఖ్యమైన పనికి ఈ షోల్లో దక్కే సమయం తక్కువ. వదిలేసినా నష్టం లేదు.

సమీక్షల కార్యక్రమాల సంగతి వేరు. వాటిలో పనికొచ్చే సమాచారం ఉంటుంది, కానీ వడగట్టుకోవాలి. ఇలాంటి చానళ్లకు ప్రకటనలిచ్చేది తుపాకులు, తూటాల కంపెనీలే. కాబట్టి 'ఇది కొనొద్దు' అనే మాట అరుదుగా వినిపిస్తుంది. మాటలు పక్కనపెట్టి టార్గెట్ కాగితం చూడండి. మూడు తూటాల గ్రూప్ (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు) చూపించి 'ఎంత దగ్గరగా పడ్డాయో' అంటే నమ్మకండి. అదే తుపాకీతో ఐదు కొడితే గ్రూప్ విస్తరిస్తుంది, పది కొడితే ఇంకా విస్తరిస్తుంది. లెక్కే అంత. దూరం ఎంత, తుపాకీ బల్ల మీద ఆనించారా చేత్తో పట్టుకున్నారా, ఎన్ని గ్రూపులు కొట్టి ఏది చూపించారు అన్నవి చెప్పకపోతే ఆ కాగితానికి విలువ లేదు. గ్రూప్ వెడల్పును 'ఎం.ఓ.ఏ.' (మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు) లెక్కన చెబుతారు. ఒక ఎం.ఓ.ఏ. అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 29 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం ప్రచారం తేలిపోతుంది.

తుపాకీ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే యూట్యూబ్‌లో ఇయాన్ మెక్కాలమ్ 'ఫర్గాటెన్ వెపన్స్' చాలు. బల్ల మీద ఒక పాత తుపాకీ, ఒక మనిషి, సంగీతం లేదు, సస్పెన్స్ లేదు. ఒక్కో భాగం విప్పుతూ, స్ప్రింగ్ ఎక్కడ ఒత్తుకుంటుంది, ఛాంబర్‌ను మూసే బోల్ట్ ఎలా తాళం పడుతుంది, ఈ డిజైన్ ఎందుకు విఫలమైంది అని చెప్పుకుపోతాడు. కేబుల్ టీవీ ఇన్నేళ్లలో ఇవ్వలేనిది ఇదే. అయితే యూట్యూబ్ కూడా స్థిరమైన చోటు కాదు. 2018లో తుపాకుల అమ్మకానికి దారి తీసే వీడియోలను, కొన్ని విడిభాగాల తయారీ చూపించేవాటిని నిషేధించింది. 2024 జూన్ నుంచి ఇంట్లో తయారుచేసిన తుపాకులు, ఆటోమేటిక్ ఆయుధాలు కనిపించే వీడియోలకు వయసు పరిమితి పెట్టింది.

ఇక లైవ్ ఫైనళ్లు. ఇక్కడ కత్తిరింపు లేదు, అందుకే మేలు. అన్నీ ఒకలా ఉండవు, చూడటం తెలియాలి. కింద చెప్పే లెక్కలు పారిస్ 2024 ఒలింపిక్స్ నాటి పద్ధతివి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చూడ్డానికి విసుగు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. 4.5 మి.మీ. పెల్లెట్, పది పాయింట్లిచ్చే 0.5 మి.మీ. నడి చుక్క, కదలని మనిషి. కంటితో చూడ్డానికి ఏమీ ఉండదు, స్క్రీన్ మీద అంకె తప్ప. ఆ అంకెకు నాటకీయత వచ్చింది 2013లో, ఫైనల్‌ను సున్నా నుంచి మొదలుపెట్టే నియమంతో. అంతకుముందు క్వాలిఫికేషన్ స్కోరు ఫైనల్‌కు కలిసేది. లండన్ 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం ఆ పాత పద్ధతిలోనే: 598కి 103.1 కలిపి 701.1. ఇప్పుడు ముందు సంపాదించిన ఆధిక్యం ఏదీ కాపాడదు. ఐదేసి షాట్ల సిరీస్‌లు రెండు, ఆపైన ఒక్కో షాట్‌కు 50 సెకన్లు, 12వ షాట్ తర్వాత మొదటి ఎలిమినేషన్, ఆపైన ప్రతి రెండు షాట్లకు ఒకరు బయటికి. పారిస్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మను భాకర్ 221.7 దగ్గర ఆగిపోయి కాంస్యం అందుకుంది. దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యే-జి అప్పటికి ఆమెకన్నా 0.1 మాత్రమే ముందుంది.

ఈ పోటీలు చూసేటప్పుడు స్కోరు కన్నా గడియారం మీద కన్నేసి ఉంచండి. 50 సెకన్లలో ఎన్నో సెకనుకు పేలుస్తున్నారో గమనిస్తే, ఒత్తిడి ఎవరి మీద ఉందో అంకె పడకముందే తెలిసిపోతుంది. గురి పెట్టి, చెయ్యి దించి, మళ్లీ ఎత్తుతున్నారంటే మొదటి పట్టు కుదరలేదన్నమాట. అలా దించడం తప్పు కాదు. కుదరని పట్టుతోనే నొక్కేయడం తప్పు.

టీవీకి అన్నిటికన్నా బాగా అమరింది 25 మీటర్ల పిస్టల్ మహిళల ఫైనల్. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్‌లో ఆడింది ఈ విభాగమే. చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించి నిలబడాలి. ఆకుపచ్చ దీపం వెలిగాక మూడు సెకన్లు, ఆలోపే ఎత్తి కొట్టాలి. మళ్లీ ఏడు సెకన్ల విరామం. 10.2 లేదా అంతకన్నా ఎక్కువైతే హిట్, లేకపోతే సున్నా. దశాంశాలు కూడుకునే గొడవ లేదు, ఇంట్లో ఎవరు చూసినా వెంటనే అర్థమవుతుంది. సిరీస్‌కు ఐదు షాట్లు, నాలుగో సిరీస్ నుంచి ప్రతి సిరీస్‌కు ఒకరు వెళ్లిపోతారు. మను భాకర్ మూడో పతకం చేజారింది ఇక్కడే. ఎనిమిది సిరీస్‌లయ్యాక 28 హిట్లతో హంగరీ షూటర్‌తో సమానంగా నిలిచి, షూట్ ఆఫ్‌లో (టై విడగొట్టే అదనపు షాట్లలో) ఓడి నాలుగో స్థానంలో ఆగింది. చెయ్యి లేచే వేగం కాదు, లేచాక నిలకడ ఎంతసేపన్నది చూడండి. టార్గెట్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించినవాళ్లకే హిట్లు పడతాయి.

ట్రాప్ అంటే గాల్లోకి ఎగిరే పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే పోటీ. మైదానంలో అద్భుతం, టీవీలో ఒక మెట్టు తక్కువ. 11 సెంటీమీటర్ల పళ్లెం ఎటు ఎగురుతుందో షూటర్‌కే తెలియదు, కెమెరామన్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే ఫైనళ్లలో రంగు పొడి నింపిన పళ్లేలు వాడతారు. తగిలితే గాల్లో రంగు మబ్బు లేస్తుంది. క్వాలిఫికేషన్‌లో అది ఉండదు కాబట్టి ట్రాప్ చూడాలంటే ఫైనలే చూడండి. అందులో పళ్లేనికి ఒక్క తూటాయే అనుమతి.

పిల్లల్ని షూటింగ్‌లో చేర్చాలని చూస్తున్నవాళ్లు 25 మీటర్ల ఉత్సాహంలో పడినా, చివరికి కూర్చుని చూడాల్సింది 10 మీటర్ల ఫైనళ్లే. మన దగ్గర మొదలుపెట్టేది అక్కడే: 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌల్స్ శక్తి మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు.