కాలువ గట్టుపై సైకిల్ యాత్రలు: మరమ్మతు ఎవరికి అప్పగిస్తే మేలు?

కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా కోనసీమలో మా కాలువ గట్టు మీద సైకిల్ జట్లు తిరుగుతుంటాయి. రుసుము కట్టి వచ్చిన పదిహేను ఇరవై మంది, లావు టైర్ల గేరు సైకిళ్లు, వెనకాల మంచినీళ్లూ ఫలహారాలూ మోసుకొచ్చే వ్యాను. కొబ్బరి నీడన నీటి వెంబడి సాగే ఆ దారి వారికి విహారం. ఆ కాలువ కింద సార్వా (తొలకరి పంట), దాళ్వా (రెండో పంట) రెండూ పండించుకునే మాకు అది కాలువకూ చేనుకూ నడుమ ఉన్న కట్ట. ఆ కట్ట పాడైతే బాగుచేయవలసింది జలవనరుల శాఖా, పంచాయతీయా, యాత్రలు నడిపే సంస్థలా, కాలువ నీరు వాడుకునే రైతుల నీటి సంఘమా అన్న చర్చ ఇప్పుడు మా ఊళ్లో నడుస్తోంది.

ముందుగా నష్టం ఎలా జరుగుతుందో చూడాలి. నిరుడు ముసురు పట్టిన మర్నాడు ఒక జట్టు మా తూము మీదుగా వెళ్లింది. సైకిళ్ల చాళ్లు అంగుళం లోతు దిగితే, వ్యాను చక్రాలు జానెడు దిగాయి. గట్టు తల మీద పడిన వాన పక్కకు జారిపోవాలి. చాలు పడితే ఆ నీరు చాలు వెంబడే పరుగెత్తి, పల్లం దొరికిన చోట అంచును కోసేస్తుంది. మూడో రోజుకు ఆ కోత తూము పక్కనున్న పీత బొరియ దాకా వచ్చింది. ఇద్దరు రైతులం ఇసుక బస్తాలు వేసి ఆపాము. కొండల్లో సైకిల్ దారులు వేసేవారు కూడా దారిని లోయ వైపు కాస్త వాలుగా చెక్కి నీటిని పక్కకు పంపుతారు, తడిగా ఉన్నప్పుడు దారి మూసివేస్తారు. అయితే అక్కడ కోత పడితే దారి చెడుతుంది, ఇక్కడ గండి పడితే చేలు మునుగుతాయి.

గట్టు ప్రభుత్వానిది, ఇంజినీర్లు ఉన్నది జలవనరుల శాఖలో, కాబట్టి బాధ్యత కూడా వారిదేనన్నది మొదటి వాదన. కానీ 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసినవారెవరికైనా, ఆ శాఖ సొమ్ము ముందు ఏటిగట్లకే వెళ్లాలని అనిపిస్తుంది. అంచనా, మంజూరు, టెండరు దాటి మా చాలు దాకా వచ్చేసరికి అది గండి అయి కూర్చుంటుంది. పంచాయతీ సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు: ఒక్క యాత్ర మూడు నాలుగు పంచాయతీల పొలిమేరలు దాటుతుంది.

పాడుచేసినవారే బాగుచేయాలన్న వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికా జాతీయ అడవుల్లో డబ్బు తీసుకుని జట్లను నడిపేవారు అటవీ శాఖ నుంచి ప్రత్యేక అనుమతి పొంది రుసుము చెల్లిస్తారు. అలా సొమ్ము రాబట్టడం సబబే. పారను కూడా వారి చేతికే ఇవ్వడం మాత్రం నాకు సమ్మతం కాదు. చక్రం సాఫీగా సాగాలని వారు ఇసుకో కంకరో పోస్తారు, గట్టుకు కావలసింది జిగురు మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టడం. పైగా ఒకే గట్టు మీద రెండు మూడు సంస్థలు తిరిగితే, ఏ చాలు ఎవరిదో తేల్చడానికే పెద్దమనుషులు కూర్చోవలసి వస్తుంది.

మిగిలింది నీటి సంఘం. 1997 నాటి చట్టంతో ఏర్పడిన ఈ సంఘాల పరిధి ఊరి పొలిమేరను బట్టి కాక ఆయకట్టును బట్టి ఉంటుంది, గట్టుకు ఆ పరిధే సరిపోతుంది. అసలు చిక్కు కాలంతో వస్తుంది: గట్టు నలిగేది నీరు నిండుగా పారే శీతకాలంలో, పెద్ద మరమ్మతు కుదిరేది వేసవిలో కాలువలు కట్టేశాకే, అంటే నీరు వదలడం ఆపాకే. శీతకాలంలో వచ్చిన సొమ్మును అప్పటిదాకా విడిగా దాచి, ఆ కొద్ది వారాల్లో ఖర్చుపెట్టగలిగేది ఎలాగూ అప్పుడే పూడిక పనులు చూసుకునే సంఘమే. దానికి నిధులు తక్కువ, కొన్ని చోట్ల సంఘం కాగితాల మీదే ఉందన్న మాటా నిజమే (మాది కూడా రెండేళ్లు అలాగే ఉంది). అందుకే రుసుము సంస్థలది, పని సంఘానిది, కొలతల తనిఖీ శాఖ ఇంజినీరుది అన్న పద్ధతి మేలని నా అభిప్రాయం.

రుసుము కంటే కూడా వాన పడ్డప్పుడు దారి మూసే అధికారం ముఖ్యం. అది రోజూ గట్టు మీద నడిచే లస్కరు (కాలువ కాపలాదారు) చేతిలో ఉండాలి, వ్యాను తారు రోడ్డు మీదే ఆగాలి. సంస్థలవారు మొదటి షరతుకు ఒప్పుకున్నారు కానీ, ఫలహారాలు ఎవరు మోస్తారని రెండో దాని దగ్గర ఆగారు. ఈసారి కాలువలు కట్టేసేలోగా సంఘం సమావేశంలో రెండూ కలిపే పెడుతున్నాము.