ఆటోనగర్‌లో చేయించుకున్న ట్రైలర్: నాలుగేళ్ల తర్వాత వాలే బెడ్డు గురించి

మొదటి మూడేళ్లూ ఈ ట్రైలర్ గురించి ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: ముందు బెడ్డు, అంటే బండి ఎక్కించే తట్టు, వెనక్కి వాలేలా చేయించుకోండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కాకపోతే ఆ మాటకి ఇంకో మాట తగిలించాల్సి వస్తోంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

మాది విజయవాడ, పటమట. ఇంట్లో ఒక ఏటీవీ (మట్టి దారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి), నేనూ మా బావమరిదీ నడిపే రెండు డర్ట్ బైకులు, రెండు ప్లాస్టిక్ కయాకులు (తెడ్డుతో నడిపే సన్న పడవలు) ఉన్నాయి. ఏటీవీకీ డర్ట్ బైకులకీ రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు. కొండపల్లి వైపు తెలిసినవాళ్ల తోటకైనా, బాపట్ల దగ్గర ఇసుక నేలకైనా వాటిని ఎక్కించుకుని పోవాల్సిందే. మొదట్లో గూడ్స్ ఆటో మాట్లాడుకుని, రెండు చెక్క బల్లలు ఆనించి ఎక్కించేవాళ్లం. 2020లో ఒకసారి సగం ఎక్కాక ఎడమ బల్ల జారింది. ఏటీవీ వెనక్కి దొర్లి మా బావమరిది మోకాలు మీద పడింది. చిప్ప చిట్లి మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఆ రోజు నుంచి జారుబల్ల పెట్టి బండి ఎక్కించడమంటే నాకు గుండె దడ.

అందుకే 2021లో ట్రైలర్ చేయిద్దామనుకున్నప్పుడు ఆటోనగర్‌లో మేస్త్రీ గారికి ఒక్కటే షరతు పెట్టాను: బల్లలు ఆనించే పని ఉండకూడదు. ఆయన ముప్పై ఏళ్లుగా ట్రాక్టరు ట్రక్కులు కడుతున్న మనిషి. నేను కాగితం మీద గీసుకెళ్లిన బొమ్మ చూసి, చాక్‌పీసు తీసుకుని నేల మీద ఇంకోటి గీశారు. అదే చివరికి తయారైంది. 75 మిల్లీమీటర్ల చానల్ చాసిస్, తొమ్మిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, బెడ్డు మీద మూడు మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు (గరుకు గీతలున్న ఇనుప రేకు), ఒకే యాక్సిల్, ఒక చిన్న గూడ్స్ బండి పాత హబ్బులు (చక్రం బిగించే భాగాలు, బేరింగులు వీటి లోపలే ఉంటాయి). ట్రైలర్ ఒక్కటే 280 కిలోలు. ఎంత లోడు వేసినా మొత్తం కలిపి 750 కిలోలు దాటనివ్వను. దీనికి బ్రేకులు లేవు. బ్రేకులు లేని ట్రైలర్లకు యూరప్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ ఆ 750 దగ్గరే గీత గీశారు. లాగేది మా బొలెరో.

ఇక వాలే సంగతి. డ్రాబారు, అంటే ట్రైలర్‌ని బొలెరోకి తగిలించే ముందు కమ్మీ, చాసిస్‌కి వెల్డింగ్ చేసి ఉండదు. యాక్సిల్‌కి జానెడు ముందు ఒక లావు పిన్ను మీద తిరుగుతుంది. ముందు వైపు ఒక తాళపు పిన్ను బెడ్డునీ డ్రాబారునీ కలిపి పట్టుకుంటుంది. ఆ పిన్ను లాగి బెడ్డు ముందు భాగాన్ని పైకి నెడితే వెనక అంచు నేలకి ఆనుతుంది. ట్రైలర్‌ని బొలెరో నుంచి విప్పక్కర్లేదు. చేతి వించ్ (తిప్పితే తాడు చుట్టుకుని బరువు లాగే గిలక) తాడు ఏటీవీకి తగిలించి తిప్పుకుంటూ పోతే, బరువు యాక్సిల్ దాటి ముందుకు రాగానే బెడ్డు తనంతట తానే సర్దుకుని కిందికి దిగుతుంది. పిన్ను పెట్టి, రాచెట్ పట్టీలు బిగిస్తే అయిపోయింది. కింద ఒక పాత లారీ షాక్ అబ్జార్బర్ కూడా బిగించారు. అదెందుకని అడిగితే, "ఇది లేకపోతే బెడ్డు దబేల్మని పడుద్ది సార్, నాలుగు నెలల్లో డ్రాబారు వెల్డింగు విడిపోద్ది" అన్నారు. నాలుగేళ్లయింది, ఆ వెల్డింగు మీద గీత కూడా పడలేదు.

ఒకసారి మేమిద్దరం ఊళ్లో లేనప్పుడు మా ఆవిడ ఒక్కతే ఏటీవీ ఎక్కించి, పట్టీలు బిగించి, ఫొటో పంపింది. ఆ ఫొటో మా బావమరిది చాలాసేపు చూశాడు.

మొత్తం 78 వేలు అయింది. ఒక ముఖ్యమైన సంగతి: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. లాగే బండి నంబరు కూడా ట్రైలర్ వెనక కనిపించాలి. కాబట్టి ఇనుము కొనకముందే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి కనుక్కోండి. మాది కాగితాలు అయ్యేదాకా షెడ్డులోనే ఉంది.

బరువు సర్దడం గురించి కూడా ఒక మాట. మొదటి ప్రయాణంలో డర్ట్ బైకులు రెండూ కాస్త వెనక్కి కట్టాం. హైవే మీద డెబ్బై దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. స్టీరింగు చేతిలో ఆడుతుంటే చెమటలు పట్టాయి. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా హుక్కు మీద పడాలి. అంతకంటే తగ్గితే ఊగుతుంది. ఇప్పుడు ఇంట్లో బరువు చూసుకునే మిషను డ్రాబారు ముక్కు కింద పెట్టి చూసుకుంటాను. ఐదు వందల కిలోలకి యాభైకి పైన చూపిస్తేనే కదులుతాను.

చెకర్ ప్లేటుని కూడా మొదట్లో తెగ పొగిడేవాణ్ణి. అదొక్కటే వంద కిలోల పైన ఉంటుంది. మళ్లీ చేయిస్తే చక్రాలు నడిచే రెండు పట్టీలకి మాత్రం ప్లేటు వేయించి మధ్యలో వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పెట్టిస్తానేమో. ఏమో అని ఎందుకంటున్నానంటే, ఆ ప్లేటు గరుకు పట్టు ఎంత విలువైనదో 2024లో చూశాను.

ఆ సంవత్సరం సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిందని తెల్లారేసరికి ఫోన్లు. మా ఆవిడ పిన్ని వాళ్ల ఇల్లు అక్కడే. కింద వాటా మునిగి, పై వాటాలో నలుగురున్నారు. బాబాయికి షుగరు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, కరెంటు లేదు. యనమలకుదురులో నాకు తెలిసిన ఒక జాలరి, కృష్ణలో వరద పెరుగుతోందని తన చిన్న ఫైబరు పడవని ముందే గట్టు మీదకి లాగి పెట్టుకున్నాడు. పన్నెండు అడుగుల పడవ. లారీ మీదకి ఎత్తాలంటే ఏడెనిమిది మంది కావాలి. బెడ్డు వాల్చి, వించ్ తిప్పి, ముగ్గురం ఎక్కించేశాం. వెనక మూడడుగులు బయటికి పొడుచుకొచ్చింది, దానికి ఎర్ర గుడ్డ కట్టాం.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ అవతల దిగే చోట రోడ్డు నేరుగా నీళ్లలోకి పోతోంది. వెనక్కి నడుపుకుంటూ చక్రాలు మునిగేదాకా దించాను. పిన్ను లాగగానే బెడ్డు వాలింది, పడవ జారి నీళ్లలో తేలింది. మా పని అంతటితో అయిపోయిందనుకున్నాను. గంటన్నర తర్వాత పడవ తిరిగొచ్చినప్పుడు చూశాను అసలు ఇబ్బంది. దిగే చోట నడుము లోతు మురుగునీరు, కింద ఏముందో కనపడదు. పిన్నికి మోకాళ్ల నొప్పులు, బాబాయి నిలబడలేకపోతున్నాడు. అప్పుడు ట్రైలర్‌ని ఇంకో నాలుగు అడుగులు వెనక్కి దించి, బొలెరో చక్రాలకి రాళ్లు పెట్టి, బెడ్డు వాల్చే ఉంచాం. జాలరి పడవ ముక్కుని బెడ్డు అంచు మీదకి ఎక్కించి ఆపాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆ గరుకు ప్లేటు మీద అడుగులో అడుగు వేసుకుంటూ పైకి నడిచి వచ్చేసింది. చీర అంచు మాత్రమే తడిసింది.

పక్క పడవల వాళ్లు అది చూసి మా దగ్గరికే రావడం మొదలుపెట్టారు. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు, కాలికి కట్టు ఉన్న ఒకాయన. ఆ రోజు సాయంత్రం దాకా, తర్వాత రెండు రోజులు, మా ట్రైలర్ అక్కడే నీళ్లలో సగం మునిగి ఉంది. ఇంటికి వెళ్లి పాల ప్యాకెట్లు, నీళ్ల క్యాన్లు వేసుకొచ్చినప్పుడు తప్ప బయటికి రాలేదు. రాగానే మళ్లీ నీళ్లలోకి. పిన్ని దానికి బల్లకట్టు అని పేరు పెట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో దాన్ని అలాగే పిలుస్తారు. నా చేత్తో చేయించుకున్న వస్తువు ఇంత పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నీళ్లు తీశాక ట్రైలర్‌ని శుభ్రంగా కడిగాం. తుప్పు పట్టిన చోట గీకి రెడాక్సైడ్ కొట్టాం. లైట్ల వైరింగు మార్పించాను. హబ్బులు మాత్రం విప్పి చూడలేదు. బయటికి బాగానే తిరుగుతున్నాయి కదా అనుకున్నాను. అలా ఏడు వారాలు షెడ్డులో ఉంది.

దసరా వెళ్లాక ఒక ఆదివారం ఏటీవీ వేసుకుని బాపట్ల బయల్దేరాం. కాజ టోల్‌గేటు దాటి, నాగార్జున యూనివర్సిటీ దగ్గరికి వస్తుండగా మా బావమరిది కిటికీ దించి, "బావా, ఏదో కాలుతున్న వాసన. ఆపు" అన్నాడు. అద్దంలో చూస్తే ఎడమ చక్రం దగ్గర సన్నగా పొగ. పక్కకి తీసి ఆపాను. హబ్బు మీద నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరైపోయాయి. జాకీ వేసి లేపితే చక్రం అరచెయ్యి వెడల్పున అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోతే ఊడిపోయేదే. మా వెనకాలే ఒక బస్సు వస్తూ ఉండింది. ఆ ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నంబూరు నుంచి ఒక ట్రాక్టరు మెకానిక్ వచ్చి విప్పాడు. బేరింగు రోలర్లు నీలం రంగు తిరిగాయి, వాటిని పట్టుకునే కేజ్ ముక్కలైంది, బేరింగు లోపలి రింగు ఇరుసుకి అతుక్కుపోయింది. అక్కడ అయ్యే పని కాదన్నాడు. బెడ్డు వాలుతుంది కాబట్టి ఏటీవీని అక్కడే దించుకోగలిగాం. ఖాళీ ట్రైలర్‌ని లారీ మీద ఆటోనగర్‌కి చేర్చడానికి ఆరు వేలు తీసుకున్నారు.

మేస్త్రీ గారు ఎడమది వదిలేసి ముందు కుడి హబ్బు విప్పారు. గ్రీజంతా తెల్లగా మీగడలా ఉంది.

"నీళ్లలోకి దించారా సార్?"

"దించాను."

"వచ్చీ రాగానే, వేడి మీదే దించారా?"

అవునన్నాను. ఆయన చెప్పింది నాకప్పటిదాకా తెలియదు. పది కిలోమీటర్లు నడిచిన హబ్బు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీద నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీలోకి ఆయిల్ సీల్ (గ్రీజు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) సందుల నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీళ్లు గ్రీజులో కలిసి, ఏడు వారాలు కదలకుండా కూర్చుని, రోలర్ల మీద తుప్పు మచ్చలు వేశాయి. బండి పరిగెత్తగానే ఆ మచ్చలే బేరింగుని తినేశాయి.

ఇదే నేను చేర్చాలనుకున్న మాట. బెడ్డు వాలడం వల్ల నీళ్లలోకి దించడం మరీ తేలికైపోతుంది. ఆ తేలికలో చక్రాల సంగతి మర్చిపోతాం. రోడ్డు మీద మాత్రమే తిరిగే ట్రైలర్‌కి ఈ సమస్య లేదు. పడవలకీ కయాకులకీ కూడా వాడాలనుకుంటే హబ్బుల గురించి మొదటి రోజే ఆలోచించండి. వరదలో ఆగి చల్లబరిచే టైము లేదు. అలాంటి రోజు మళ్లీ వస్తే మళ్లీ అలాగే దించుతాను, కానీ ఆ వారంలోనే హబ్బులు విప్పిస్తాను.

ఇరుసు మార్పించి, కొత్త బేరింగులు, రెండు పెదవుల సీళ్లు, నీళ్లకి తట్టుకునే మెరైన్ గ్రీజు వేయించాను. స్ప్రింగు ఉన్న గ్రీజు మూతలు కూడా పెట్టించాను. అవి లోపల ఎప్పుడూ కొద్దిగా ఒత్తిడి ఉంచుతాయి కాబట్టి నీళ్లు అంత తేలిగ్గా రావు. లారీ ఖర్చు కాక ఇదంతా తొమ్మిది వేల చిల్లర. మామూలు రోజుల్లో కయాకుల కోసం చక్రాలు ముంచడం మానేశాం. నీళ్ల అంచున ఆపి బెడ్డు వాలిస్తే చాలు, కయాకు పాతిక కిలోలే కదా, జారి పోతుంది.

మీకు పనికొస్తుందా అంటే నా పరిస్థితులు చెబుతాను, మీవి పోల్చుకోండి. మాకు ఇంటి వెనక షెడ్డు ఉంది. ఆటోనగర్ మాకు దగ్గర, ఏదైనా తేడా వస్తే మేస్త్రీ గారికి చూపించుకోగలను. లాగడానికి బొలెరో ముందే ఉంది. అపార్ట్‌మెంటులో ఉండి, ఒక్క డర్ట్ బైకు మాత్రమే ఉన్నవాళ్లకి నెలకోసారి గూడ్స్ ఆటో మాట్లాడుకోవడమే నయమేమో. ఏటీవీ ఉంటే, అందులోనూ ఎక్కించేటప్పుడు పక్కన సాయానికి మనిషి ఉండని వాళ్లయితే, వాలే బెడ్డు లేకుండా చేయించవద్దని ఇప్పటికీ గట్టిగానే చెబుతాను.

స్టెపినీ పక్కన పెట్టెలో ఇప్పుడు ఒక జత బేరింగులు, సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, గ్రీజు డబ్బా ఎప్పుడూ ఉంటాయి. పోయిన నెల బాపట్ల వెళ్తూ కాజ దాటాక అదే చోట ఆగాం. మా బావమరిది దిగి రెండు హబ్బులూ చేత్తో ముట్టుకుని చూశాడు. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి.