స్టేజ్ 2 ఆక్టేవియా ఆర్‌ఎస్: ఏళ్లు వాడి అమ్మాక తేలిన లెక్క

కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, 2017 మోడల్. 2.0 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), కంపెనీ లెక్కన 230 పీఎస్, 350 ఎన్ఎం. దాని మీద స్టేజ్ 2 మ్యాప్ (పవర్ పెంచడానికి తిరగరాసిన ఇంజిన్ సాఫ్ట్‌వేర్, దీనికి తగ్గ పార్టులు కూడా మార్చాలి), క్యాట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) లేని డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం), టర్బో గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్, గాలి పీల్చే ఇంటేక్, ఎత్తు మార్చుకోగల కాయిలోవర్ సస్పెన్షన్, గేర్‌బాక్స్ ట్యూన్ ఉన్నాయి. నడపడానికి అద్భుతమైన బండి, అందులో రెండో మాట లేదు. అమ్మడం మాత్రం వేరే పని.

ఇలాంటి మార్పులకు, అంటే మోడ్లకు పోసిన డబ్బు కారు ధరలో తిరిగి రాదు. అదే ఏడాది, అదే కిలోమీటర్ల స్టాక్ (మార్పులు చేయని) కారు ధర చేతికొస్తే మంచి బేరమే. ఇంటర్‌కూలర్‌కీ కాయిలోవర్లకీ విడిగా గిరాకీ ఉంది. మ్యాప్‌కి పైసా రాదు. కాబట్టి ఊడదీసిన ఒరిజినల్ పార్టులను మొదటి రోజు నుంచే అట్టపెట్టెల్లో పేర్లు రాసి దాచాలి. స్టాక్ డౌన్‌పైప్ పారేసినవాళ్లు అమ్మేటప్పుడు కొత్తది కొనాల్సిందే.

స్టాక్‌కి తెచ్చేటప్పుడు ముందు పార్టులు, తర్వాత మ్యాప్. వరస తప్పి, క్యాట్ లేని పైప్ ఉండగానే స్టాక్ మ్యాప్ ఎక్కిస్తే వెనక ఆక్సిజన్ సెన్సర్ వల్ల పీ0420 (క్యాట్ సరిగా పనిచేయట్లేదన్న) కోడ్ పడి ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ఆ సెన్సర్ మరలు వేడికి పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, పొద్దున ఇంజిన్ కాస్త వేడెక్కాక విప్పితే మర చెడదు. గాస్కెట్, క్లాంప్ పాతవి మళ్లీ వాడొద్దు, ఎగ్జాస్ట్ లీకవుతుంది. స్టేజ్ 2 కోసం స్పార్క్ ప్లగ్ గ్యాప్ తగ్గించి ఉంటే కొత్త ప్లగ్గులు వేయండి. స్టాక్ మ్యాప్ ఎక్కించినా సర్వీస్ సెంటర్ సిస్టమ్‌లో టీడీ1 గుర్తు (ఈ కారు సాఫ్ట్‌వేర్ మార్చారని కంపెనీ వేసే ముద్ర) కనిపించవచ్చు, ఆ సంగతి కొనేవారికి ముందే చెప్పాలి.

తెలిసిన కొనుగోలుదారు పవర్ ఎంత అని అడగడు, లాగ్ (నడుపుతుండగా ఇంజిన్ లెక్కల రికార్డు) అడుగుతాడు. మ్యాప్ మార్చకముందే వీసీడీఎస్ (ఈ కార్లను స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్) పెట్టి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 2,000 నుంచి 6,500 ఆర్‌పీఎం దాకా తీసి ఉంచండి. ఇంజిన్ అడిగిన బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), వచ్చిన బూస్ట్, రైల్ ప్రెషర్ (ఇంధన ఒత్తిడి), నాలుగు సిలిండర్ల టైమింగ్ కరెక్షన్ (నాకింగ్ ఆపడానికి స్పార్క్‌ని ఎన్ని డిగ్రీలు వెనక్కి జరిపిందో) అందులో ఉండాలి. మూడు సిలిండర్లు ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తగ్గి, ఒక్కటే ఆరు డిగ్రీలు తగ్గితే ఆ సిలిండర్ ప్లగ్, కాయిల్ చూడాలి. నాలుగూ కలిసి తగ్గితే పెట్రోల్ మీద అనుమానం. స్టేజ్ 2 మ్యాప్‌కి మామూలు పెట్రోల్ ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే రేటింగ్) చాలదు. ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ హైదరాబాద్ లాంటి నగరాల్లో కూడా కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది, జిల్లాల్లో కష్టం. కొనేవారు అటువైపు వాళ్లయితే స్టాక్ మ్యాప్‌తోనే ఇవ్వడం న్యాయం.

గేర్‌బాక్స్ పరీక్ష తేలిక. నాలుగో గేర్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే, వేగం పెరక్కుండా ఆర్‌పీఎం సూది మాత్రం ఎగిరితే క్లచ్‌ల పని అయిపోతున్నట్టే. గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60,000 కి.మీ.కి మార్చమంటారు. స్టేజ్ 2 బండికి 40,000కే మార్చిన బిల్లు చూపిస్తే మాటలతో పనిలేదు. ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) కింద టార్చ్ వేసి చూడండి. ఎండిన గులాబీ రంగు కూలెంట్ మరక కనిపిస్తే థర్మోస్టాట్, వాటర్ పంప్ హౌసింగ్ కారుతోంది. ఈ ఇంజిన్‌కి అది మామూలు జబ్బే. బేరానికి ముందే మార్పిస్తే మేలు.

కాగితాల విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని తయారీదారు వివరాలకు తేడా వచ్చే మార్పులు చెల్లవు. బీమా కంపెనీకి చెప్పని మోడ్ ఉంటే క్లెయిమ్ దగ్గర గొడవే. యాజమాన్యం మార్చడానికి ఫారం 29, 30 సంతకాలు, లోన్ ఉంటే దాని పేరు ఆర్‌సీ నుంచి తీయడానికి ఫారం 35. బీమాలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు) మనదే, కారుతో పోదు, దాని లెటర్ తీసుకోవాలి. తాళాలు ఇచ్చేముందు ఏ పార్టు ఉంది, ఏది తీశారు అని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టి, ఆ రోజు తీసిన స్కాన్ ప్రింట్‌తో కలిపి చెరొక కాపీ ఉంచుకోండి.