పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం: మూడేళ్ల తర్వాత నా మాట

పెద్ద సిరంజికి సన్నటి పైపు తొడిగి, బానెట్ కింద డబ్బాలో ఉన్న పాత ఆయిల్ లాగేసి, కొత్తది పోయడం. స్టీరింగ్ ఆయిల్ ఇంట్లో మార్చుకునేవాళ్లలో చాలామంది చేసేది ఇదే, నేనూ మూడేళ్లుగా ఇదే చేస్తున్నాను. మొదటిసారి సిరంజిలోకి వచ్చింది కాటుకలా నల్లగా, మాడిన వాసనతో ఉంది. నిజానికి అది ఎర్రగా ఉండాల్సిన ఆయిల్. నా చేత్తో నేను దాన్ని తీసిపారేసినందుకు ఎంత సంతోషపడ్డానో!

ఆ రోజు నుంచి కనిపించినవాళ్లందరికీ స్టీరింగ్ చాలా తేలికైపోయిందని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించుకోవాలి. అదే రోజు టైర్లలో గాలి కూడా పట్టించాను, ఆ తేలికలో దాని వాటా ఎంతో తేల్చి చెప్పలేను. పైగా సిరంజితో ఒక్కసారి మారేది కొంతే. నా కారులో మొత్తం ఆయిల్ లీటరు దాకా ఉంటే, డబ్బాలోంచి తీయగలిగేది 300 మిల్లీలీటర్లు. మిగతాది పైపుల్లో, పంపులో, ముందు చక్రాలను తిప్పే రాక్‌లో ఉండిపోతుంది. కొత్తది పోసి, నాలుగు రోజులు బండి తిప్పి, మళ్లీ తీసి పోయాలి. అలా ఐదుసార్లు చేస్తే లోపల 83 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. ఆయిల్‌ని డబ్బాలోకి తిరిగి తెచ్చే రిటర్న్ పైపు ఊడదీసి పాతదంతా ఒకేసారి పోనిచ్చే పద్ధతీ ఉంది. అందులో డబ్బా ఒక్క క్షణం ఖాళీ అయినా పంపు గాలి పీల్చేస్తుంది కాబట్టి, పోసే మనిషి, స్టీరింగ్ తిప్పే మనిషి ఇద్దరూ ఉండాలి. నేను ఒక్కడినే చేసుకుంటాను, అందుకే సిరంజి.

అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాత జరిగింది.

ఎనిమిది నెలలకి స్టీరింగ్ మూలగడం మొదలుపెట్టింది. చలి పొద్దున బండి తీసి మలుపు తిప్పితే చాలు, ముందు నుంచి గూఁ అని మూలుగు. ఇంజన్ వేడెక్కాక తగ్గేది. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, రంగూ బాగానే ఉంది. మెకానిక్ విని, పంపు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. నేనూ మనసు సిద్ధం చేసుకున్నాను. పంపు తీయించే ముందు ఆఖరిసారి ఆయిల్ మొత్తం లాగి, ఖాళీ డబ్బాలోకి టార్చి వేసి చూశాను. అడుగున, పంపుకి వెళ్లే దారి మీద, సన్నటి జల్లెడ! దాని మీద నల్లటి పొర మందంగా పేరుకుని, రంధ్రాలు సగానికి పైగా మూసుకుపోయాయి. ప్రతిసారీ నా సిరంజి పైపు దాని పక్కదాకా వెళ్లి వచ్చింది. పైన ఆయిల్ ఉండగా అది కనపడే అవకాశమే లేదు.

అప్పుడు మూలుగు అర్థమైంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, మూసుకుపోయిన జల్లెడలోంచి దిగదు, పంపుకి చాలినంత అందదు. వేడెక్కి పలచబడితే దిగుతుంది. వేడికి శబ్దం తగ్గుతోందన్న ఆనవాలు మొదటి రోజు నుంచీ నా ఎదురుగానే ఉంది.

డబ్బాకి రెండు బోల్టులు, రెండు పైపులు. బెల్టు మీద ఆయిల్ పడితే జారి కీచుమంటుంది కాబట్టి కింద గుడ్డలు కుక్కి విప్పాను. నా కారులో జల్లెడ విడిగా ఊడిరాదు. బ్రేక్ క్లీనర్ కింది వైపు నుంచి కొడితే నల్లటి పొర రేకులు రేకులుగా బయటికి వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నలిపాను: మెత్తగా సాగి మసిలా అంటింది. పాత పైపుల లోపలి రబ్బరు. ఎండలో పట్టి చూస్తే మెరుపు దాదాపు లేదు. పంపు అరిగి రాలిన లోహపు పొడి మెరిసి ఉంటే మెకానిక్ మాటే నిజమయ్యేది.

రాత్రంతా ఆరబెట్టి, పొద్దున బిగించి, ఆయిల్ పోశాను. ముందు చక్రాలు స్టాండ్ల మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పాను. తిప్పినప్పుడల్లా బుడగలు పైకి వచ్చేవి, మట్టం దిగేది, మళ్లీ పోసేవాణ్ని. పాతికసార్లకి బుడగలు ఆగాయి. ఈ ఓపిక లేకుండా స్టార్ట్ చేస్తే పంపు ఆ గాలినంతా చిలికి ఆయిల్‌ని నురగ చేస్తుంది. స్టార్ట్ చేశాక రెండు మూడు సెకన్లు చిన్న గరగర, ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. మారుద్దామనుకున్న ఆ పంపే రెండేళ్లు దాటినా నడుస్తోంది.

నా కారు పుస్తకంలో ఏ ఆయిల్ పోయాలో ఉంది గానీ ఈ జల్లెడ ఊసే లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. మంచి పంపు ఒకటి ఊరికే తీసిపారేయాల్సి వచ్చేది.

కాబట్టి సిరంజి పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టమే, కానీ నా సంగతి వేరు కావచ్చు. నాది పాత హైడ్రాలిక్ స్టీరింగ్, మూత మీద డెక్స్‌రాన్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్‌లో ఒక రకం) అని రాసి ఉంది, ఇంటి ముందు చదునైన చోటుంది, ఆదివారం సగం రోజు దీనికి ఇవ్వగలను. హోండా లాంటి బళ్లకి వాళ్ల సొంత ఆయిలే పోయాలి, ఎర్రదే కదా అని ఏటీఎఫ్ పోయకూడదు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే అసలు ఈ డబ్బానే ఉండదు. రాక్ చివర రబ్బరు తొడుగుల దగ్గర తడి కనిపిస్తున్న బండికి ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆ కారడం ఆగదు, దాన్ని నేనైతే ఇంట్లో ముట్టుకోను.