జన్ ఔషధి సిటాగ్లిప్టిన్: అమ్మకి ఏడు నెలలుగా వాడుతున్నాం

అమ్మకి 61 ఏళ్ళు, షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడేది, షుగర్ తగ్గేది కానీ టిఫిన్ కాస్త లేటయినా, శనివారం ఒంటిపూట ఉన్నా లో అయిపోయేది. ఒకరోజు పొద్దున పదకొండింటికి పూజగదిలోంచి పిలిస్తే పరిగెత్తా, దీపం వెలిగిద్దామని కూర్చుంది, చేతులు వణికి అగ్గిపుల్ల గీయలేకపోతోంది, జాకెట్టంతా చెమట, మీటర్లో 54. పంచదార నీళ్ళు తాగించి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆ పావుగంట నేను మర్చిపోలేను.

డాక్టర్ గారు గ్లిమెపిరైడ్ ఆపేసి సిటాగ్లిప్టిన్ 100 రాశారు. ఎందుకో అర్థం చేసుకున్నాక నాకు చాలా ధైర్యం వచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నా. మనం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1, జీఐపీ అని రెండు హార్మోన్లు రక్తంలో కలుస్తాయి, ఇవి క్లోమానికి, అదే ప్యాంక్రియాస్‌కి, తిండి వస్తోంది ఇన్సులిన్ వదులు అని కబురు పెడతాయి. అందుకే గ్లూకోజ్ నరంలోకి ఎక్కించినప్పటి కన్నా నోటితో తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ వస్తుంది, ఇది 1964లోనే కనిపెట్టారు. జీఎల్‌పీ-1 ఇంకో పని కూడా చేస్తుంది, లివర్ చేత షుగర్ విడుదల చేయించే గ్లూకగాన్‌ని తగ్గిస్తుంది, అది కూడా క్లోమంలోంచి వచ్చేదే. కానీ డీపీపీ-4 అనే ఎంజైమ్ ఈ జీఎల్‌పీ-1ని ఒకట్రెండు నిమిషాల్లోనే సగానికి సగం విరిచేస్తుంది. ఈ టాబ్లెట్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, అంతే, మన పేగుల్లో పుట్టిన హార్మోనే ఇంకాసేపు పనిచేస్తుంది. పైగా రక్తంలో షుగర్ ఎక్కువున్నప్పుడే దాని మాట క్లోమం వింటుంది కాబట్టి లో అయ్యే భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్ అయితే తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది.

ఈ మందు పేటెంట్ 2022 జులైలో అయిపోయింది, అదే ఏడు సెప్టెంబరులో జన్ ఔషధిలో, అంటే ప్రభుత్వ చౌక మందుల షాపుల్లో, 50 ఎంజీ పది టాబ్లెట్లు 60 రూపాయలకి, 100 ఎంజీ 100 రూపాయలకి పెట్టారు. మా లాంటి పెన్షన్ ఇళ్ళకి ఇది చాలా పెద్ద విషయం అండి. కౌంటర్ దగ్గర బ్రాండ్ పేరు చెప్పకుండా సిటాగ్లిప్టిన్ అనే అడగండి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మూడు నెలల షుగర్ టెస్టు 7.6 నుంచి 7.4కి మాత్రమే వచ్చింది, బరువేం తగ్గలేదు. ఈ గుంపు మందులు మెల్లగానే పనిచేస్తాయి, గబుక్కున దించేస్తాయని ఆశపడి కొనకండి. కిడ్నీ బాగా వీక్‌గా ఉంటే డోసు తగ్గించాలి, అందుకే అమ్మకి ముందు క్రియాటినిన్ చూశాకే రాశారు. కడుపులో పైభాగాన గట్టిగా నొప్పి వచ్చి వీపులోకి పాకితే మందు ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళమన్నారు, క్లోమం వాచే ప్రమాదం అరుదుగా ఉంటుందట. డాక్టర్ని అడక్కుండా మీ అంతట మీరు మార్చుకోవద్దు.

ఈ ఏడు నెలల్లో ఒక్క లో కూడా రాలేదు. మొన్న శనివారం గుడి నుంచి వచ్చేసరికి పదకొండున్నర దాటింది, ఇంకా ఏమీ తినలేదు, నేనే కంగారుపడి వేలు గుచ్చి చూశా, 112.